ఆపమన్నారట

"కుక్కరు చూసుకో, నీ కన్ను ఎక్కడికీ పోదులే" అంది అత్తగారు, కూరగాయల పళ్లెం నా ముందుకు తోస్తూ.

పోతుందనే నా భయం. పొద్దున స్టవ్ వెలిగించగానే మంట చుట్టూ రంగుల వలయం కనిపించింది. కుడికన్ను మూసి చూస్తే అత్తగారి ముఖం ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టుంది. ఎడమకన్ను ఎర్రబడి, లోపలినుంచి ఎవరో తోస్తున్నట్టు ఒకటే నొప్పి. ఆ కంటి నల్లగుడ్డు మీది పొర నాది కాదు, చనిపోతూ ఎవరో ఇచ్చిపోయింది. దాన్ని కుట్టిన డాక్టరు, "ఎరుపు, మసక, నొప్పి, ఏది వచ్చినా ఆరోజే పరిగెత్తుకు రావాలి. ఆలస్యమైతే పొర తెల్లబడిపోతుంది" అంది. నాతోనే అంది. తలూపింది మాత్రం మా ఆయన.

ఎక్కడికెళ్లినా నా తరఫున ఆయనే మాట్లాడతాడు. "దీనికి సరిగ్గా చెప్పుకోవడం రాదండీ" అని నవ్వుతాడు. ఆసుపత్రిలోనూ తన నంబరే ఇచ్చాడు. కంట్లో ప్రెషర్ పెరిగిందని తెలిసిన రోజు, "ఆఫీసులో నాకు లేదా ప్రెషర్? నేనేమైనా పడకేశానా?" అన్నాడు. అత్తగారు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, లేకపోతే మూతి ముడుచుకున్నానంటారని. కిందటి వారం ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ఆయనే ఎత్తాడు. టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నువ్వు కంట్లో వేసుకునే ఆ తెల్లమూత సీసా చుక్కల వల్లే ప్రెషరట. ఆపమన్నారు" అన్నాడు. ఆపేశాను.

ఇప్పుడాయన స్నానం చేస్తున్నాడు. నా ఫోన్ తీసి ఆసుపత్రికి నేనే చేశాను. ఎరుపు, మసక, నొప్పి, చుక్కలు ఆపమన్నారని ఆపేయడం, అన్నీ వరసగా చెప్పగలిగాను.

"ఆపమన్నామా?" నర్సు కంగారుపడింది. "తగ్గించమన్నామమ్మా! పొరను ఒళ్లు తోసేయకుండా కాపాడేది ఆ చుక్కలే. వెంటనే రండి."

తగ్గించడం, ఆపడం. కూరలో ఉప్పు చిటికెడు తగ్గితే కనిపెట్టే మనిషికి ఆ రెంటికీ తేడా తెలియలేదు. ఒళ్లు మండిపోయింది. స్టవ్ కట్టేశాను.

"ఇంకా విజిలే రాలేదు!" అంది అత్తగారు.

"నాకొచ్చింది అత్తయ్యా."

చెప్పులు వేసుకుంటుంటే ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఇప్పుడేంటీ హడావుడి? సాయంత్రం నేను తీసుకెళ్తాగా. నేను లేకుండా డాక్టరుకి ఏం చెప్తావ్?"

"మీరు ఆపమన్నారని చెప్తాను."

ఆసుపత్రిలో డాక్టరు నా కంట్లోకి వెలుగు వేసి చాలాసేపు చూసింది. "పొర ఉబ్బింది. ప్రెషర్ కూడా దిగలేదు. నిలబెట్టడానికి చూస్తాను, మాటివ్వలేను" అంది. ఏడుపు ఆపుకోలేకపోయాను.

నర్సు చుక్కలు వేసి కాగితం అందుకుంది. "ఏదైనా ఉంటే మీవారికే ఫోన్ చేయమంటారా?"

"ఆ నంబరు కొట్టేయండి" అన్నాను. "నాది చెప్తాను, రాసుకోండి."