యూలలీ గురించి నాలుగు ముక్కలు

లిన్వల్‌కి గొంతు లేక కాదు. పడవ మీద నిలబడి కేకేస్తే ఒడ్డున పడుకున్న కుక్కలు లేచి కూర్చునేవి. నలుగురి ముందు నిలబడితే మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడేది. అలాంటి మనిషి, యూలలీ పోయిన మర్నాడే హయసింత్ టీచరమ్మ ఇంటికి వెళ్ళి, అంత్యక్రియలనాడు చర్చిలో ఆవిడ గురించి తనే మాట్లాడతానన్నాడు.

టీచరమ్మ బడి మానేశాక చేసే పని ఇదే. ఊళ్ళో ఎవరు పోయినా, వాళ్ళ గురించి మాట్లాడే బంధువుకి ఆవిడే తర్ఫీదు ఇస్తుంది.

"నువ్వా? పలకరిస్తే తలూపి పోయే మనిషివి!"

"నేనే చెప్పాలి టీచరమ్మా. ఇంకెవరూ వద్దు."

యూలలీతో ఆయన కాపురం ముప్ఫై ఏళ్ళది. పెళ్ళి మాత్రం కాలేదు. పెళ్ళంటే సూటు, అంతస్తుల కేకు, ఊరందరికీ మేక కూర ఉండాలి, లేకపోతే నవ్విపోతారని ఈయనగారి పట్టుదల. వచ్చే ఏడు చూద్దామంటూ నెట్టుకొచ్చాడు. జమైకా తీరంలో ఇలాంటి కాపురాలు కోకొల్లలు, ఎవరూ తప్పుపట్టరు, చర్చి తప్ప. ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె వరసగా పంచుతూ, పెళ్ళి కాని కాపురమని యూలలీని దాటుకుని పోయేవారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూసేది.

"కేకూ వద్దు, గీకూ వద్దు. ఒక్కసారి వీళ్ళందరి ముందూ నన్ను నీ భార్యనని చెప్పవయ్యా, చాలు" అంది ఒకసారి. లిన్వల్ నవ్వేసి వల బాగుచేసుకున్నాడు.

ఇప్పుడు ఆ మాట చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆయనకీ తెలుసు. టీచరమ్మకి ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం సిగ్గేసింది.

వరండాలో నిలబడి మొదలుపెట్టాడు. "యూలలీ దయగలది, దైవభక్తి గలది, కష్టజీవి..."

"ఆపవయ్యా. ఆ మాటలు పోయినవాళ్ళందరికీ సరిపోతాయి. మొన్న ఆ కోళ్ళ దొంగ పోయినప్పుడూ ఇవే చదివారు. నీ యూలలీ ఏం చేసేదో చెప్పు."

లిన్వల్ బుర్ర గోక్కున్నాడు. "నేను తెచ్చిన చేపల్ని తిట్టేది."

"అదీ! అక్కడ మొదలెట్టు. ముందు ఆ చేతులు జేబుల్లోంచి తియ్యి."

అక్కడ అంత్యక్రియలు రెండు వారాలకి గాని జరగవు. అందాకా రోజూ సాయంత్రం వెళ్ళి వల్లించాడు. మాట కుదిరింది. చివరి రోజున గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. "అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంటే, దాన్నెలా చెప్పాలి?"

"దానికి ముందు ఆగు. ఊపిరి తీసుకో. జనం కళ్ళలోకి చూడు. చర్చి మొత్తం చెవులు రిక్కిస్తుంది. అప్పుడు చెప్పు."

ఆ రోజు రానే వచ్చింది. పాస్టరు గారు 'మిస్ యూలలీ' అనే చదివారు. లిన్వల్ లేచి, యూలలీని పడుకోబెట్టిన పెట్టె పక్కన నిలబడ్డాడు.

"నేను చేప తెస్తే ఏమనేదో తెలుసా? 'లిన్వల్, ఇది నీకన్నా ముసలిది. దీన్నెందుకు పట్టావ్, పెన్షనిప్పించమందా?' అనేది."

జనం గొల్లుమన్నారు. యూలలీ మంచం పట్టాక కూడా, తను వండిపెట్టిన పులుసు రుచి చూసి, "చేప సముద్రంలోనే నయం, అక్కడ ఉప్పైనా ఉండేది" అందని చెప్పాడు. నవ్వుతూనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు. వల్లించిందంతా అక్కడికి అయిపోయింది. ఇక మిగిలింది ఆ ఒక్క మాటే.

లిన్వల్ ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. జనం కళ్ళలోకి చూశాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. దుఃఖంతో మాట ఆగిపోయినవాణ్ణి ఒంటరిగా నిలబెట్టి చూడరు. ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు. వెనకనుంచి ఒక ముసలావిడ ఎత్తుకుంది. క్షణంలో చర్చంతా లేచి నిలబడింది.

"ఆగండి, ఇంకా ఉంది" అన్నాడు లిన్వల్. డప్పులు కూడా మొదలయ్యాయి. కేకెయ్యబోయాడు. దేవుడి పాట మీద, యూలలీ పెట్టె ముందు కేకెయ్యడానికి ఆయనకి నోరు రాలేదు.

టీచరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఎంత బాగా చెప్పావయ్యా! చాలు, ఇక రా" అని తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టింది.

అంత ప్రేమగా నోరు మూయిస్తే ఎవరిమీదని కోపం తెచ్చుకుంటాడు? పెట్టెకేసి చూస్తూ, "యూలలీ నా భార్య" అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు.

పెదవులు కదలడం చూసి, గొంతు కలుపుతున్నాడనుకుని, టీచరమ్మ పాటల పుస్తకం ఆయన వైపు జరిపింది.