ఆరని వాక్యం

పొద్దున ఐదింటికి లేచి, కాఫీ కాచుకుని, పెరట్లో చిలకలకి అరటిపండు ముక్కలు వేసి, ఆరున్నరకల్లా ఆరోగ్య శాఖ గ్రంథాలయం తాళం తీయడం ఎర్మెలిందా తపుల్యీమాకి ఇరవై ఆరేళ్ల అలవాటు. మరాన్యోన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో గ్రంథాలయమంటే ఒకటే గది. నాలుగు బీరువాలు, గోల చేసే ఫ్యాను, ఒక కంప్యూటరు, కిటికీ పక్కన వైర్‌లెస్ సెట్టు, మధ్యలో ఏదో పాత స్టీమరు నుంచి విప్పుకొచ్చిన పెద్ద బల్ల.

ఆ బల్ల మీద ఏ కలంతో రాసినా, నిజమైన మాట అయితే సిరా వెంటనే ఆరిపోయేది. నిజం కాకపోతే ఆరేది కాదు. కొత్తగా చేరిన గుమస్తాలకి మొదటి రోజే చెప్పేవాళ్లు: "జ్వరమని సెలవు చీటీ రాసుకునేటట్టయితే ఇంటి దగ్గరే రాసుకుని రా నాయనా."

ఆ ఏడాది మార్చిలో, లోకమంతా చుట్టేస్తున్న ఊపిరితిత్తుల జబ్బు అక్కడికీ వచ్చింది. నదికి ఎగువన పదకొండు చిన్న ఆరోగ్య కేంద్రాలున్నాయి. ఒక్కోదాంట్లో, చదువు పూర్తయ్యాక ఏడాది పల్లెల్లో పనిచేయాలని సర్కారు పంపిన కుర్ర డాక్టరు ఒక్కడే ఉంటాడు. వాళ్లకి పుస్తకాలు లేవు, పెద్ద డాక్టర్లు లేరు, ఫోను అందదు. ఆ జబ్బు గురించి లోకంలో ఎవరేం రాసినా ఎర్మెలిందా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేది. చదివినదంతా బల్ల మీద ఒక కాగితంలోకి ఎక్కించి, ఏడింటికి వైర్‌లెస్‌లో వినిపించేది.

మొదటి రోజు ముప్ఫై వాక్యాలు రాస్తే మూడే ఆరాయి. ఆవిడ ఆ మాటే చెప్పింది.

"ఇవాళ ఆరినవి మూడు. మిగతావీ చదువుతాను, కానీ ఇంకా ఆరలేదని గుర్తుంచుకోండి."

అవతల పదకొండు చోట్ల డాక్టర్లు రెండు వరుసలుగా రాసుకునేవాళ్లు. తెలిసినవి ఒక వైపు, తెలియనివి ఒక వైపు. తెలియదని ఒక మనిషి నోరు తెరిచి చెప్పడమే వాళ్లకి ఆ రోజుల్లో పెద్ద ధైర్యంగా ఉండేది.

వాళ్లలో అందరికంటే దూరం, పడవ మీద మూడు రోజుల ప్రయాణం, అనీబాల్ పైమా ఉన్న కేంద్రం. ఇరవై ఆరేళ్లవాడు, మాట మెత్తన. అతని బదులు ఎక్కువగా సెగుందో మాట్లాడేవాడు. సెగుందో ఆ కేంద్రం పడవ నడిపేవాడు. వంట కూడా అతనిదే. ఎర్మెలిందాని అక్కడి పద్ధతిలో దోన్యా, అంటే అమ్మగారూ, అని పిలిచేవాడు.

"దోన్యా ఎర్మెలిందా, మా డాక్టరు నిన్న చేపకి కూడా మాస్కు కట్టబోయాడండీ."

"ఆయన్ని ఏడిపించకయ్యా. తింటున్నాడా?"

"నేను తిట్టినప్పుడు తింటున్నాడు."

వెనక నుంచి అనీబాల్ నవ్వు వినబడేది.

ఏప్రిల్ చివర్లో శాఖ అధికారి దోన్ ఎవరిస్తో చెమటలు కక్కుతూ గ్రంథాలయానికి వచ్చాడు.

"పశువులకి పురుగులు పోవడానికి వేసే సూదిమందు ఉంది చూశారూ, అది దీన్ని నయం చేస్తుందని రాయండి. ఊరంతా అదే వేయించుకుంటోంది."

ఎర్మెలిందా రాసింది. అక్షరాలు తళతళలాడుతూ తడిగానే ఉన్నాయి. ఆయన కాగితాన్ని ఫ్యాను కింద పెట్టాడు, కిటికీలోకి తీసుకెళ్లి ఎండలో పట్టుకున్నాడు, చివరికి ఆవిడ సంచిలోని పౌడరు డబ్బా తీసి చల్లాడు. పౌడరు ముద్దయింది. ఆయన చొక్కా చేతికి నల్ల మరక అంటుకుంది. కుర్చీలో కూలబడ్డాడు.

"మా అమ్మకి అదే వేయించాను, ఎర్మెలిందా."

ఆవిడ ఫ్లాస్కులో ఉన్న కాఫీ అంతా ఆయన కప్పులోనే పోసి, ఆయన తాగేదాకా పక్కన కూర్చుంది. మర్నాడు వైర్‌లెస్‌లో, "ఆ సూదిమందు సంగతి ఆరలేదు" అని చదివింది. ఎవరిస్తో గుమ్మంలో నిలబడి విన్నాడు గాని అడ్డు చెప్పలేదు.

అదే వారంలో ఒక వాక్యం ఆవిడ చుక్క పెట్టేలోపే ఆరిపోయింది: "ఊపిరి అందనివాళ్లని బోర్లా పడుకోబెడితే కొందరికి తేలికవుతుంది." రెండు రోజులకి అనీబాల్ వైర్‌లెస్‌లో అరిచినంత పని చేశాడు. "మా బడి పంతులు లేచి కూర్చున్నాడు దోన్యా! ఉడకేసిన అరటికాయ అడిగాడు!" ఆ పూట ఎర్మెలిందా బీరువా చాటుకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చింది.

మేలో ఒక మధ్యాహ్నం, పిలవాల్సిన వేళ కాని వేళలో అనీబాల్ వైర్‌లెస్‌లో పిలిచాడు.

"సెగుందోకి వచ్చింది. మంత్రసాని రోసాల్బీనాకీ వచ్చింది. ఇద్దరికీ ఊపిరి అందడం లేదు. నా దగ్గర ఆక్సిజన్ సిలిండరు ఒకటే ఉంది. ఎవరికి పెట్టమంటారు?"

ఎర్మెలిందా కాగితం లాక్కుంది. "సెగుందోకి పెట్టాలి" అని రాసింది. దాని కింద "రోసాల్బీనాకి పెట్టాలి" అని రాసింది. రెండు వాక్యాల మీదా వేలు ఆనించింది. రెండుసార్లూ వేలికి సిరా అంటింది.

"ఏదీ ఆరడం లేదు నాయనా. బల్లకి తెలియదు, నాకూ తెలియదు. మీ కళ్లకి ఏం కనబడుతోందో చెప్పండి. నేను ఇక్కడే ఉన్నాను."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఈమె నాడి ఇంత, అతని ఊపిరి ఇంత. ఈమె పెదాలు నీలమయ్యాయి, అతను ఇంకా మాట్లాడుతున్నాడు, ముందు ఆవిడకే పెట్టమంటున్నాడు. ఎర్మెలిందా "ఊఁ" అంటూ వింది. చాలాసేపటికి అనీబాల్, "రోసాల్బీనాకి పెడుతున్నాను" అన్నాడు.

రోసాల్బీనా బతికింది. సెగుందో మర్నాడు సాయంత్రం, బోర్లా పడుకుని, డాక్టరు చెయ్యి పట్టుకుని పోయాడు.

ఆ తర్వాత అనీబాల్ రోజూ వైర్‌లెస్‌లో పలికేవాడు గాని, "విన్నాను" అన్న ఒక్క ముక్క తప్ప మరేం మాట్లాడేవాడు కాదు. జూలైలో జబ్బు కాస్త తగ్గింది. ఒక రోజు పడవ దిగి గ్రంథాలయానికి వచ్చాడు. ఎర్మెలిందా అతన్ని చూడటం అదే మొదలు. గొంతును బట్టి ఇంకా పొడుగు మనిషిని ఊహించుకుంది.

"ఉద్యోగం మానేస్తున్నాను దోన్యా. వైద్యం కూడా. ఆఫీసులో ఇవ్వడానికి ఒక కాగితం రాసుకుంటాను."

"కూర్చోండి."

నిలబడే రాశాడు. "నా తప్పు వల్ల సెగుందో చనిపోయాడు. నేను డాక్టరుగా పనికిరాను." మడవబోతే అరచెయ్యి నల్లబడింది. ఇంకో కాగితం తీసి మళ్లీ రాశాడు. అదీ అంతే.

"ఈ సిరా బాగాలేదు."

"ఇంకేదన్నా రాసి చూడండి" అంది ఎర్మెలిందా.

"సెగుందో చనిపోయాడు" అని రాశాడు. ఆరిపోయింది. "నాకు భయం వేసింది." ఆరిపోయింది. "అతని భార్య డెల్మీరా మొహం చూడలేక దారి తప్పించుకుని తిరుగుతున్నాను." అదీ ఆరిపోయింది. "సెగుందోని నేనే చంపాను." ఈ మాట మాత్రం వేరే కాగితం మీద రాసి, కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎండ గోడ మీద నుంచి నేల మీదకి దిగింది. ఎర్మెలిందా తన డబ్బాలోంచి అన్నం, వేయించిన చేప సగం తీసి అతని ముందు పెట్టింది. తిన్నాడు. మధ్యలో రెండుసార్లు వేలు పెట్టి చూసుకున్నాడు. ఆఫీసు మూసే గంట కొట్టాక కూడా ఆ వాక్యం తడిగానే ఉంది.

"తడి కాగితం ఆఫీసులో తీసుకోరు కదా" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"తీసుకోరు."

"ఏం చేయాలి దీన్ని?"

"ఎవరికి చెప్పాలనుందో వాళ్లకే చూపించండి" అంది.

మూడు రోజులూ పడవలో ఆ కాగితాన్ని మడవకుండా ఒక పళ్లెంలో పెట్టుకుని, మీద ఇంకో పళ్లెం బోర్లించి తీసుకెళ్లాడు. ఎండ మండిపోతున్నా సిరా ఆరలేదు. రేవులో దిగి, కేంద్రానికి వెళ్లకుండా నేరుగా డెల్మీరా ఇంటికి వెళ్లాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తోంది. అతను పై పళ్లెం తీసి కాగితాన్ని ఆవిడ ముందు పెట్టాడు.

డెల్మీరాకి కూడబలుక్కుని చదవడం వచ్చు. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివింది. ఆవిడ వేలు వెళ్లిన చోటల్లా సిరా లేచి వచ్చేసింది. చివరి మాట దాకా వచ్చేసరికి కాగితం మీద ఏమీ మిగల్లేదు, చారలు తప్ప. ఆవిడ తన వేలి కొసని కాసేపు చూసుకుని, లంగా అంచుకి తుడుచుకుంది.

"రెండు నెలలుగా ఎక్కడికి పోయావయ్యా? ఆయన ఆఖర్న ఏమన్నాడో నాకు చెప్పే మనిషే లేకపోయాడు" అంది. తర్వాత కొంచెం జరిగి, అరుగు మీద చోటిచ్చింది.

అనీబాల్ కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.