కడిగిన చిల్లర

సబ్బునీళ్ల బకెట్లో నాణేలు వేసి బురుల్ చేత్తో గలగలా తిప్పింది. తొక్‌మోక్ బజారు వెనక మరుగుదొడ్ల ముందు స్టూలేసుకుని కూర్చోవడం ఆమె పని. మనిషికి పది సోములు. వచ్చినవాళ్లు సాసర్లో నాణెం పడేసి, ఆమె చింపి ఇచ్చిన కాగితం పట్టుకుని లోపలికి పోతారు. ఆ నాణేలంటే జనానికి ముక్కు ముడుచుకోవడం అలవాటు. అందుకే కడగడం. సబ్బుకీ చలికీ ఆమె వేళ్ల కణుపులు ఎర్రగా పగిలి ఉన్నాయి.

జీతం కూడా ఆ చిల్లరే. మరుగుదొడ్లు గుత్తకు తీసుకున్న ఎసెన్‌గుల్ నెలాఖరున ఒక సంచి ఆమె ఒళ్లో పడేసేవాడు. బ్యాంకులో మారిస్తే కొంత కోసుకుంటారు, ఆ కోత తనకెందుకని. దాన్ని నోట్లు చేసుకునే తిప్పలు ఆమెవి. బ్యాంకు కిటికీలో అమ్మాయి సంచి చూడగానే మొహం మాడ్చుకునేది. రొట్టెలవాడు మొహమాటానికి గుప్పెడు తీసుకునేవాడు. మినీబస్సు నడిపే సమత్ ఒక్కడే, ప్రయాణికులకు చిల్లర కావాలి గనక, సంచి మొత్తం తీసుకుని కోత లేకుండా నోట్లిచ్చేవాడు.

రెండేళ్ల కిందట ఒక శనివారం ఆమె భర్త జుమాశ్‌కు ఊపిరాడలేదు. సంచి పట్టుకుని మందుల షాపుకు పరుగెత్తింది. ఇంత చిల్లర ఎవరు లెక్కపెడతారు, నోట్లు తెమ్మంది షాపులో పిల్ల. బయట ఎసెన్‌గుల్ ఎదురయ్యాడు, చేతిలో నోట్ల కట్ట. మార్చి ఇమ్మని కాళ్లావేళ్లా పడింది.

"డబ్బు డబ్బే కదా అక్కా. కూర్చుని లెక్కపెట్టించుకో," అని నవ్వి వెళ్లిపోయాడు.

సమత్‌ను వెతుక్కుని, నోట్లు తీసుకుని, మందు కొని ఇల్లు చేరేసరికి జుమాశ్ కళ్లు పక్కింటావిడ మూసేసింది. ఆ నవ్వును బురుల్ క్షమించలేదు. క్షమించాలని కూడా అనుకోలేదు. ఎప్పటికైనా వీడికీ చిల్లర అవసరం పడకపోదని అదే స్టూలు మీద కూర్చుంది.

ఇవాళా శనివారమే. ఎసెన్‌గుల్ కొడుకు పెళ్లి. కోడలు గడప దగ్గరికి రాగానే మిఠాయిలతో పాటు నాణేలు చల్లాలి. చుట్టాలు ఎగబడి ఏరుకుని శుభమని దాచుకుంటారు. నాణేలు లేకుండా కోడలిని దింపుకుంటే పిసినారి అన్న పేరు మనవల దాకా పోతుంది. ఎసెన్‌గుల్ మాత్రం నిన్న, నెలాఖరని, గల్లాపెట్టెలో ఉన్న చిల్లరంతా అలవాటుగా ఆమె సంచిలో పోసేశాడు. అందుకుంటున్నప్పుడే ఆమెకు పెళ్లి గుర్తొచ్చింది. నోరు మెదపలేదు.

నాణేలు తుడిచి సంచి మూతి కడుతుండగా వచ్చాడతను. కొత్త సూటు, తెల్లటి ఉన్ని టోపీ, మెడ నిండా చెమట.

"అక్కా, నిన్నటి సంచి ఉందా?"

"ఉంది."

"బతికించావు. ఇటివ్వు, నోట్లిస్తా. కోడలు బయల్దేరిందట."

"బ్యాంకుకెళ్లు తమ్ముడూ."

"శనివారం కదా, మూసేశారు. పెళ్లిళ్ల రోజులు, బజార్లో ఎవడూ గుప్పెడు కూడా ఇవ్వట్లా."

"అవును. శనివారం ఎంత కష్టమో నాకు తెలుసు."

అతను పర్సు తీశాడు. "రెట్టింపిస్తా."

రెట్టింపంటే చలికాలానికి బొగ్గు. ఆమె ఆశపడిన మాట నిజం. అంతలో సమత్ బస్సు వచ్చి ఆగింది. సంచి ఎత్తి సమత్‌కు అందించి, ఎసెన్‌గుల్ వైపు తిరిగింది.

"డబ్బు డబ్బే కదా తమ్ముడూ. నోట్లు చల్లుకో."

ఆ మాట తనదేనని గుర్తుపట్టడానికి ఎసెన్‌గుల్‌కు కాసేపు పట్టింది. "ఇంకా అది మోస్తున్నావా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నువ్వే మోయించావు."

ఏప్రాన్ విప్పి తాళంచెవితో పాటు బకెట్ మీద పెట్టి బస్సెక్కింది.

"మళ్లీ ఎప్పుడక్కా?" అన్నాడు సమత్.

"ఇక రాను. బస్సు పోనీ."

కిటికీలోంచి చూసింది. మరుగుదొడ్ల ముందు అప్పుడే నలుగురు పోగయ్యారు. ముందున్న పుచ్చకాయల ఆవిడ ఓపిక పట్టలేక, "కాగితమివ్వవయ్యా, పెళ్లికొడుకు నాన్నా," అంది. ఎసెన్‌గుల్ అటూ ఇటూ చూశాడు. చల్లడానికి ఇక నాణేలు పడేది ఆ సాసర్లోనే. సూటు ప్యాంటు మోకాళ్ల దగ్గర కాస్త పైకి లాక్కుని స్టూలు మీద కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేలోగా ఆమె సంతోషంగా, కడుపు నిండా చూసుకుంది.

అంచు పెచ్చులూడిన సాసర్లో, కడగని పది సోముల నాణెం ఒకటి గిర్రున తిరిగి మెల్లగా పడుకుంది.