తట్ట దించిన రోజు

మేం తాగే నీళ్ళలో మా కళ్ళముందే పాడు నూనె పోశారు.

పోసినవాళ్ళు దొంగల్లా రాలేదు. పట్టపగలు, ముందొక పోలీసు జీపు, వెనకొక పోలీసు జీపు పెట్టుకుని లారీలో వచ్చారు. ఇంజన్లలోంచి తీసిన నల్లటి నూనెను డ్రమ్ములతో తెచ్చి ఈతకొలనులో బోర్లించారు. బిందెలు పట్టుకుని గట్టున నిలబడ్డ ఆడవాళ్ళం నోరు తెరుచుకుని చూశాం. ఒకామె పరుగున వెళ్ళి అంచున మిగిలిన మంచినీళ్ళలో బిందె ముంచబోతే, పోలీసు లాఠీతో ఆ బిందెను సొట్టపోయేలా కొట్టాడు.

"ఇది దొరలు ఈదే కొలను. మీ అమ్మమ్మ తవ్వించిన బావి అనుకున్నావా?" అన్నాడు.

అమ్మమ్మ కాదు, మా అత్త తవ్వింది. ఆ గోతిలో మట్టి మా అత్త నెత్తి మీదుగానే పైకి వచ్చింది. అందుకే ఆమె మెడ ఒక పక్కకి వాలిపోయింది, మోకాళ్ళు అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే ఒక్కో మెట్టు మీద కూర్చుని, జరిగి, మళ్ళీ కూర్చుని దిగేది.

సముద్రానికి ఎదురుగా గుట్ట మీద కట్టిన పెద్ద హోటలు అది. కట్టిన అనకూడదు, కట్టబోయిన అనాలి. అంతకుముందు ఆ గుట్ట మా గుడిసెలది. హోటలు వస్తే పనులొస్తాయి, వెనక వరుసలో మీకూ గదులిస్తాను అని యజమాని అన్నాడు. మా గుడిసెలు మా చేత్తోనే పీకించాడు, హోటలూ మా చేత్తోనే లేపించాడు. నా మొగుడు మూడో అంతస్తు పరంజా మీంచి పడి అక్కడే పోయాడు. గోడలు లేచాయి, స్లాబులు పడ్డాయి. తలుపులు పెట్టే వేళకి పెద్దవాళ్ళ మధ్య వాటాల గొడవ వచ్చింది. ఒకరోజు పనికి వెళ్తే గేటుకి తాళం. ఏరు దాటాక తెప్ప తగలేశాడు, మమ్మల్ని ఇవతలి గట్టునే వదిలేసి మరీ తగలేశాడు.

తాళం బద్దలుకొట్టి లోపలికి వెళ్ళాం. గదికో కుటుంబం. గోడల్లోంచి వైర్లు వేలాడేవి, స్నానాల గదుల్లో కుళాయిల్లేని గొట్టాలు నోళ్ళు తెరుచుకుని ఉండేవి. పిల్లలు పడకుండా లిఫ్టు గుంతల మీద రేకులు కప్పాం. దొరలు నాట్యం చెయ్యాల్సిన హాల్లో బట్టలు ఆరేసుకున్నాం. వాన పడితే ఈతకొలను నిండేది. ఆ నీళ్ళు వడగట్టి, కాచి తాగేవాళ్ళం.

ఇన్నేళ్ళూ ఆ గుట్టవైపు చూడని యజమానికి ఇప్పుడెవరో కొనేవాడు దొరికాడు. దాంతో మేం మనుషులం కాకుండా చెత్త అయ్యాం.

ఆ సాయంత్రం హాల్లో అందరం చేరాం. నూనె వాసన అక్కడిదాకా వస్తోంది.

"గోడల్లో ఇనుము పీకి అమ్ముకుందాం. తలా ఇంత తీసుకుని వేరేచోటికి పోదాం" అన్నాడు వెల్డరు.

"పోదాం పోదాం అంటావు, ఎక్కడికిరా? చంద్రమండలానికా?" అని ఎవరో అరిచారు.

మా పిల్లలకు అక్షరాలు చెప్పడానికి వచ్చే కాలేజీ అమ్మాయి లేచి, కోర్టుకు వెళ్ళే దారి ఉందని చెప్పింది.

"కోర్టు మెట్లెక్కడానికి నా మోకాళ్ళు ఒప్పుకోవు తల్లీ" అంది అత్త. అంత ఏడుపులోనూ అందరం నవ్వాం. నవ్వు ఆగేదాకా ఉండి అత్త మళ్ళీ అంది. "సగంలో పారేసిపోవడానికి వాడికి హక్కుంటే, పూర్తిచేసుకోవడానికి మనకి లేదా? ముందు తలుపులు పెట్టండి. తలుపు లేని గది ఇల్లు కాదు, గుహ. గుహలోకైతే కుక్కైనా దూరుతుంది. తలుపుంటే ఎంతటివాడైనా తట్టి రావాలి."

ఆమె తలుపు పిచ్చి మాకందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఎవరూ ఆటపట్టించలేదు. గుట్ట దిగేది లేదనుకున్నాం. సగంమంది పనికి వెళ్తే సగంమంది ఎప్పుడూ కాపలా ఉండాలని నిర్ణయం చేశాం. ఆ మాటకు ముందుగా చెయ్యెత్తింది మా మేస్త్రి.

మేస్త్రి గురించి చెప్పాలి. మాది స్లాబులు వేసే ముఠా. కింద మిల్లరులో కాంక్రీటు కలుస్తుంది, మెట్ల పొడవునా మనుషులు నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటూ పైకి పంపుతారు. ఒకసారి మొదలైతే చివరి తట్ట పడేదాకా ఆగకూడదు. ఆగితే వేసింది గట్టిపడుతుంది, తర్వాత వేసింది దానికి అతకదు. దాన్నే జాయింటు పడటం అంటాం. అక్కడ నీళ్ళు కారతాయి, అక్కడే స్లాబు చస్తుంది. తన చేతికింద ఒక్క జాయింటు కూడా పడలేదని మేస్త్రికి మహా గర్వం. 'తల్లి పోయిందన్నా తట్ట దించకు' అనేది మా ముఠా మాట. మీసాలు రాని వయసులో అతని నెత్తిన మొదటి తట్ట పెట్టి ఆ మాట నేర్పింది మా అత్తే. అందుకే ఆమెను అక్కా అంటాడు.

రెండు వారాలకి కాంట్రాక్టరు వచ్చాడు. హోటలు కట్టించింది ఇతనే, ఇప్పుడు పట్నంలో అదే యజమానికి పెద్ద భవనం కడుతున్నదీ ఇతనే. నూనె సంగతి తనకు తెలియదని ఒట్టు పెట్టుకున్నాడు.

"పెద్ద స్లాబు మేస్త్రీ. సగం ముఠాతో అవదు. అందరూ రావాలి. ఒక్క పగటి పని" అన్నాడు.

"ఇక్కడ కాపలా ఉండాలి" అన్నాడు మేస్త్రి.

కాంట్రాక్టరు తలుపుల్లేని గదుల వైపు చూశాడు. "పాత సెంట్రింగు చెక్కలు బోలెడు పడున్నాయి. ఈ స్లాబు పూర్తిచేస్తే అవన్నీ మీవే. తలుపులు చేసుకోండి."

వాడికి మా సంగతులన్నీ తెలుసు. గాలానికి ఏ ఎర గుచ్చితే ఏ చేప పడుతుందో లెక్కవేసుకునే వచ్చాడు. కాలేజీ అమ్మాయి వద్దంది, గొడవపడింది. "ఒక్క పగలేగా" అన్నారు అందరూ. అత్త మాత్రం చెక్కల మాట విని చిన్నపిల్లలా సంబరపడింది. "దేవదారు ఉందేమో చూడవే. వానకి ఉబ్బదు" అని నాతో చెప్పి పంపింది.

స్లాబు సగం దాటింది. ఎండ నడినెత్తికొచ్చింది. అప్పుడు వచ్చింది కాలేజీ అమ్మాయి, చెప్పులు కూడా లేకుండా, రొప్పుతూ.

"బుల్డోజరొచ్చింది! వెనక గోడ దగ్గర మొదలెట్టారు. పిల్లల్ని ఈడ్చి బయట పడేస్తున్నారు. ముసలివాళ్ళింకా పైనే ఉన్నారు. రండి, తొందరగా రండి!"

వరుస ఆగిపోయింది. ఎక్కడి తట్ట అక్కడే చేతుల్లో ఉండిపోయింది. అందరి కళ్ళూ మేస్త్రి మీద. అతను ఆ అమ్మాయి వైపు చూశాడు, తర్వాత తడిగా మెరుస్తున్న స్లాబు వైపు చూశాడు.

గొడుగు కింద కుర్చీలో కూర్చున్న కాంట్రాక్టరు లేవను కూడా లేవలేదు. "పోలీసులు ఊరికే బెదిరిస్తార్లే. మేస్త్రీ, జాయింటు పడుతుంది చూడు" అన్నాడు.

అంతే. ఆ ఒక్క మాట చాలు. "మిగిలింది కొంచెమే. చకచకా కానిచ్చి పరిగెడదాం" అన్నాడు మేస్త్రి. నా చేతిలో ఆగిన తట్టను పై మెట్టుమీది ఆమె లాక్కుంది. వరుస కదిలింది. కాలేజీ అమ్మాయి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని గుంజింది, తిట్టింది, ఏడ్చింది. చివరికి ఒక్కతే వెనక్కి పరిగెత్తింది. మేం ఎన్నడూ అంత వేగంగా పని చెయ్యలేదు. అక్కడ యజమాని మా కప్పు కూలుస్తుంటే, ఇక్కడ మేం వాడి కప్పు వేశాం.

ప్రపంచంలో ఇంకెవరైనా ఆ వార్తకి పని పారేసి పరిగెత్తేవాళ్ళు. మేం పరిగెత్తమని కాంట్రాక్టరుకు తెలుసు. తాడుతో కట్టెయ్యాల్సిన పని లేకుండా మా పనితనంతోనే మమ్మల్ని కట్టేశాడు.

మేం చేరేసరికి బుల్డోజరు వెళ్ళిపోయింది. గదుల జోలికి ఎక్కువ పోలేదు, మెట్లు కూల్చింది. మెట్లు లేకపోతే ఎవరూ ఉండలేరని ఎవడో తెలివైనవాడు చెప్పాడట. మా అత్త ఆ మెట్ల మీదే ఉంది. కూర్చుని, జరిగి, కూర్చుని, మధ్య మలుపుదాకా దిగింది. పైన ముసలామె ఉందని కాలేజీ అమ్మాయి కాళ్ళ మీద పడి చెబితే, "కాళ్ళుంటే దిగుతుంది" అన్నాడట పోలీసు అధికారి.

పెళ్ళల కింద నుంచి ఆమె చెయ్యి మొదట కనిపించింది. మిగిలిన ఆమెను తియ్యడానికి పొద్దుగూకింది. ముఖం ముఖంలా లేదు. చీర చూసి గుర్తుపట్టాను. ఆ మెట్లకి కాంక్రీటు మోసింది కూడా ఆమే.

"నేను తిరిగొచ్చేసరికి బుల్డోజరు ఇంకా వెనక గోడ దగ్గరే ఉంది" అంది కాలేజీ అమ్మాయి. అంతకంటే పెద్ద తిట్టు నేనింతవరకూ వినలేదు. మేస్త్రి "అక్కా" అని నేలమీద కూలబడి, చేతులకంటిన సిమెంటును గోళ్ళతో గీక్కుంటూ ఉండిపోయాడు. రక్తం వచ్చినా ఆపలేదు.

మర్నాడు చెక్కలు వచ్చాయి. "మా సారు మాట తప్పలేదు చూడండి" అన్నాడు తెచ్చిన గుమాస్తా. వాటి మీదే అత్తను మోసుకెళ్ళాం. దేవదారు కాదు.

గుట్ట మాత్రం దిగలేదు. వెదుళ్ళు కట్టి, చెక్కలు పరిచి, పైకి దారి చేసుకున్నాం. మిగిలిన చెక్కలతో మేస్త్రి అత్త గదికి తలుపు చేశాడు. ఆమె లేని గదికి తలుపెందుకని ఎవరూ అడగలేదు.

తర్వాత నెల కాంట్రాక్టరు మళ్ళీ వచ్చాడు, ముఖం వేలాడేసుకుని. అదే భవనం మీద ఇంకో స్లాబు. మొసలి కన్నీరు తుడుచుకుని, "పోయినవాళ్ళతో మనమూ పోలేం కదా. పొట్ట ఉందిగా" అన్నాడు. ఆకలి మీద వాడికి అంత నమ్మకం. మేస్త్రి తల వంచుకుని సరే అన్నాడు.

వాడు వెళ్ళాక హాల్లో నిప్పు రాజుకుంది.

"వాడి స్లాబు మళ్ళీ వేస్తావా? సిగ్గుందా?" అని వెల్డరు మీదికెళ్ళాడు.

"వెయ్యను. మొదలుపెడతాను" అన్నాడు మేస్త్రి.

అర్థమయ్యేసరికి వెల్డరు వెనక్కి తగ్గాడు. ముఠాలో ముసలాయన ఒకడు మెల్లగా అన్నాడు. "సగంలో వదిలితే పాపంరా. ఇంకే ముఠా మనల్ని మనుషుల్లో కలపదు."

నాకు ఒళ్ళు మండింది. "ఈ హోటలు సగంలో వదిలిందెవడు తాతా? వాడికి అంటని పాపం మనకే అంటుతుందా? మా అత్తను మెట్ల మధ్యలో వదిలాం. స్లాబును వదల్లేమా?" అన్నాను.

"వదిలి ఏం అడుగుదాం?" అంది కాలేజీ అమ్మాయి. అప్పుడు అందరూ మాట్లాడారు, ఒకరి మీద ఒకరు అరిచారు. ఈ కట్టడం కట్టినవాళ్ళకే చెందాలి. కూల్చిన మెట్లు వాడే కట్టించాలి. చంపినవాళ్ళ మీద హత్యకేసు పెట్టాలి. అడిగింది ఇంతే.

స్లాబు రోజు ఎప్పటిలాగే వరుస కట్టాం. కాంట్రాక్టరు గొడుగు కింద కూర్చున్నాడు. తట్టలు కదిలాయి. సగం దాటింది. ఎండ నడినెత్తికొచ్చింది. మేస్త్రి స్లాబు మధ్యలో నిలబడి, తన చేతిలోని తట్టను కింద పెట్టాడు.

"దించండి" అన్నాడు.

తట్టలన్నీ దిగాయి. మిల్లరు ఆగింది. ఆ నిశ్శబ్దానికి కాంట్రాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నెల కిందట అయింది" అన్నాడు మేస్త్రి. మా కోరికలు చెప్పాడు.

"సరే సరే, మాట్లాడదాం! ముందు స్లాబు పూర్తి చెయ్యండి. జాయింటు పడుతుంది మేస్త్రీ!"

"పడనీ."

వాడు తిట్టాడు. బతిమాలాడు. ఇస్త్రీ చొక్కాతో తనే ఒక తట్ట ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. పక్క భవనం కూలీలను పిలిచాడు. వాళ్ళు వచ్చి మా వరుసను చూశారు, కిందపెట్టిన తట్టలను చూశారు. విషయమేంటని అడిగారు. విని, వాళ్ళ పని దగ్గర వాళ్ళూ తట్టలు దించారు. పోలీసులొచ్చి మమ్మల్ని మెట్లమీంచి కొడుతూ దింపారు. నా భుజం విరిగింది. వెల్డరు పళ్ళు రాలాయి. ఎంత కొట్టినా లాఠీ తట్ట మొయ్యలేదు కదా. మా వెనక కాంక్రీటు ఎండలో బిగుసుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి కోసం పోలీసులు గుట్ట మీదికి వచ్చారు. వెదురుదారి మీద బూట్లు జారుతూ, ఒకరినొకరు పట్టుకుంటూ ఎక్కారు. మేమంతా వరండాలో రెండు వైపులా నిలబడ్డాం. అత్త గదిలో ఉన్నాడతను. తలుపు వేసి ఉంది. 'కాళ్ళుంటే దిగుతుంది' అన్న ఆ అధికారే ముందున్నాడు. చుట్టూ ఉన్న మమ్మల్ని చూశాడు, మూసిన తలుపును చూశాడు. చెయ్యెత్తి తలుపు తట్టాడు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అత్త ఉంటే చూసేది కదా అనిపించింది.

మేస్త్రే తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. బేడీలు వేశారు. మేం దారికి అడ్డం నిలబడితే, జరగమని తనే సైగ చేశాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆగాడు.

"అమ్మాయీ, పట్నం కబురేమైనా తెలిసిందా?"

"తెలిసింది మేస్త్రీ. ఊళ్ళో అన్ని స్లాబులూ ఆగిపోయాయి. ఒక్క మిల్లరూ తిరగడం లేదు."

"మనది?"

"ఎండిపోయింది. కాంక్రీటు కుదించే వైబ్రేటరు గొట్టం కూడా అందులోనే బిగుసుకుపోయిందట."

"జాయింటు పడిందా?"

"ఈ చివరినుంచి ఆ చివరిదాకా పడింది."

జీవితంలో మొదటిసారి చెడ్డ స్లాబు వేసిన మా మేస్త్రి, పోలీసుల మధ్య వెదురుదారి దిగుతూ, పగలబడి నవ్వాడు.