కుడి అంచు

సయోకో ఐదు నెలలు కూర్చుని ఆ తెల్ల కిమోనో కుట్టింది. ఒక బొమ్మల కథలో చచ్చి దెయ్యమైన యువరాణి వేషం అది. అందుకే కుడి అంచు పైకి వచ్చేలా మడిచి, జారకుండా కుట్టేసి, జిప్పు వీపున పెట్టింది. జపాన్‌లో బతికున్నవాళ్లకు ఎడమ అంచే పైన; కుడి అంచు పైకి కట్టేది శవానికే.

తల్లి ఫుమియే నలభై ఏళ్లు కిమోనోలు కుట్టిన మనిషి. కూతురు ఎన్నిసార్లు తెచ్చి చూపించినా "చాల్లే నీ వేషాలు" అని మొహం తిప్పుకునేది.

ఒసాకాలో వేషాల మేళా రోజున, హడావిడిగా తొడుక్కుని హాల్లోకి వచ్చిన సయోకోను చూసి ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది.

"ఎడమ అంచు పైన పెట్టావేంటి? యువరాణి చచ్చిపోయిందని కూడా తెలీదా నీకు?"

సయోకో వంగి చూసుకుంది. నిజమే. విప్పి మళ్లీ కుట్టిన జాడైనా లేదు. అంత సన్నటి కుట్టు వేసే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే.

ఇంటికొచ్చి కిమోనో తల్లి ఒళ్లోకి విసిరికొట్టింది.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? నలుగురిలో నా పరువు తీశావు!"

"బతికున్న పిల్లని శవంలా గడప దాటించమంటావా? నా వల్ల కాలేదే," అంది ఫుమియే. కిమోనోను మడత పెడుతూ, తల ఎత్తకుండానే మళ్లీ అంది. "మిగతాదంతా వంక పెట్టడానికి లేదు. అందుకే ఇంకెక్కడా ముట్టుకోలేదు."

"వంక పెట్టడానికి లేదనే ఈ ఒక్క ముక్క నిన్న అనుంటే," అంది సయోకో, "నేనసలు ఆ మేళాకే పోయేదాన్ని కాదమ్మా."