గిలక పుట్టిన చోటు

పొద్దున షట్టర్ ఎత్తగానే లాండ్రీలోంచి సబ్బు, ఆవిరి కలిసిన వాసన గుప్పుమనేది. హోటళ్ళ నుంచి వచ్చిన దుప్పట్ల మూటలు గుమ్మం దాకా పేరుకుని ఉండేవి. వాటిని ఉతికి, ఆరబెట్టి, వేడి రోలర్ల మధ్య నుంచి లాగి మడత పెట్టడం ఆమె పని. జోడు మంచం దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. బడి లేని రోజుల్లో ఆ రెండో మనిషి ఆమె కూతురే.

పిల్లకి తొమ్మిదేళ్ళు. నిద్రలో తప్ప నోరు ఊరుకోదు కాబట్టి వీధి వీధంతా దాన్ని గిలక అనే పిలిచేది. దుప్పటి కొసలు పట్టుకుని వెనక్కి నడుస్తూ, ముందుకొస్తూ, కబుర్లు చెబుతూనే ఉండేది.

"అమ్మా, మా క్లాసులో ఒకబ్బాయి లారీలో పుట్టాడట తెలుసా? ఆ లారీని పాత ఇనుము కింద అమ్మేశారట. పాపం, వాడి ఏడుపు ఏ కొట్లో పడుందో ఏమో."

"గట్టిగా పట్టుకో. ముడత పడుతోంది."

"మరి నా ఏడుపు ఎప్పుడు వినిపిస్తావు? అందరూ ఎవరి ఏడుపు వాళ్ళు వినేశారు, నేను తప్ప."

"విందువుగానిలే. పెద్దయ్యాక."

ఆ ఊళ్ళో ఎవరు ఏ గదిలో పుడితే ఆ గది గోడ వాళ్ళ మొదటి ఏడుపుని దాచుకునేది. పుట్టినవాళ్ళే వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనిస్తే అక్కడున్నవాళ్ళందరికీ వినిపించేది. ఒక్క ఏడుపే కాదు, బిడ్డ ఊరుకునేదాకా ఆ గదిలో ఎవరేం మాట్లాడితే అదంతా కూడా వినబడేది. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు పుట్టింటికొచ్చినప్పుడు గోడకి చెయ్యి ఆనించి, ఎప్పుడో పోయిన నాయనమ్మ గొంతు విని కళ్ళు తుడుచుకునేవాళ్ళు. సున్నాలు వేసేవాళ్ళు కూడా ఆ గోడల దగ్గర కాస్త నెమ్మదిగా కుంచె ఆడించేవాళ్ళు. అంతకుమించి దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు.

ఆ రోజు సగం మూటలు కూడా విప్పకముందే పిన్నిగారు ఆయాసపడుతూ వచ్చింది. సరిహద్దు దాటి పనికోసం ఈ ఊరొచ్చిన కొత్తలో వాళ్ళకి మేడమీద గది అద్దెకిచ్చిన ఇంటావిడ. గిలకని మంచినీళ్ళు తెమ్మని పంపించి, గొంతు తగ్గించింది.

"పర్మిట్ల ఆఫీసు నుంచి కబురొచ్చిందమ్మాయ్. మధ్యాహ్నం మా మేడమీదకి వస్తారట. పిల్లని తీసుకుని నువ్వూ రావాలట. గోడ వింటారట."

ఆమె చేతిలో దుప్పటి జారిపోయింది.

ఆ ఏడాది రూలు మారింది. బయటి దేశం నుంచి పనికొచ్చినవాళ్ళ పర్మిట్లు ఇక పొడిగించరు, వెళ్ళిపోవాల్సిందే. అయితే ఈ నేల మీద పుట్టిన పిల్లలు ఈ దేశం వాళ్ళే. వాళ్ళు పెద్దయ్యేదాకా వాళ్ళతోపాటు తల్లికీ తండ్రికీ కూడా ఇక్కడ ఉండే హక్కుంటుంది. ఆస్పత్రిలో పుట్టినవాళ్ళకి కాగితం ఉంటుంది. ఇంట్లో పుట్టినవాళ్ళకి గోడే సాక్ష్యం. గిలకని బళ్ళో వేసేటప్పుడు పిన్నిగారు తన మేడమీద గదిలోనే పుట్టిందని పెద్దమనసుతో ఒక మాట చెప్పింది. అప్పట్లో దాన్నెవరూ పట్టించుకోలేదు.

"నువ్వు మా గుమ్మం ఎక్కేసరికే పిల్ల నీ చంకలో ఉంది," అంది పిన్నిగారు. "నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఇప్పుడు అడుగుతున్నా. అది ఆవలి ఒడ్డునే పుట్టిందా?"

"కాదు పిన్నిగారూ."

"మరెక్కడ?"

ఆమె నోరు తెరిచేలోపు గిలక నీళ్ళగ్లాసుతో వచ్చేసింది. సంగతి వినగానే ఎగిరి గంతేసింది. "ఇవాళేనా? నా ఏడుపు ఇవాళే వింటామా?"

ఆఫీసరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. యాభై దాటిన మనిషి, పొడిదగ్గు. మెట్ల మధ్యలో ఆగి, దగ్గుబిళ్ళ ఒకటి నోట్లో వేసుకుంది. మేడమీద గదిలో ఇప్పుడు ఎవరూ ఉండటం లేదు. విరిగిన కుర్చీలు, పాత పరుపు ఒకటి ఓ మూలకి నెట్టేసి ఉన్నాయి. ఆఫీసరమ్మ కిటికీ తెరిచి, "ఊ, చెయ్యి పెట్టమ్మా," అంది.

గిలక అరచెయ్యి గౌనుకి తుడుచుకుని మరీ గోడ మీద పెట్టింది. నవ్వుతూ ఎదురుచూసింది.

ఏమీ వినబడలేదు.

"ఈ గోడ కాదేమో," అని రెండో గోడ దగ్గరకెళ్ళింది. తర్వాత కిటికీ పక్కన. తర్వాత కుర్చీలు జరిపి వాటి వెనక. ఎక్కడా ఏమీ లేదు. మునివేళ్ళ మీద లేచి పైన పెట్టి చూసింది, వంగి కింద పెట్టి చూసింది. అరచేతులు సున్నంతో తెల్లబడ్డాయి. మొహంలో నవ్వు మాత్రం ఇంకా అలాగే అతికించుకుని ఉంది.

"అమ్మా, రావట్లేదేంటి? నేను సరిగ్గా పెట్టట్లేదా?"

పిన్నిగారు తల తిప్పుకుంది. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది. "ఇక్కడ పుట్టలేదని రాస్తాను. పిల్ల తల్లి దేశానికి చెందుతుంది. ఇద్దరూ కలిసి వెళ్ళిపోవచ్చు, విడదీయరు. అదొక్కటే నయం."

ఆమె లెక్క వేసుకుంది. ఇక్కడ నోరు మూసుకుంటే ఇద్దరూ కలిసే సరిహద్దు దాకా వెళ్తారు. కానీ ఆవలి దేశంలో నేలని చూడరు, రక్తాన్ని చూస్తారు. సూదితో ఒక చుక్క తీసి, నీ రక్తం కాదు పొమ్మంటారు. ఈ పక్క గోడ ఒప్పుకోక, ఆ పక్క రక్తం ఒప్పుకోక పిల్ల ఏ దేశానికీ కాకుండా పోతుంది. నిజం చెబితే పిల్లకి దేశం దొరుకుతుంది. అమ్మే ఉండదు.

గిలక పాత పరుపు వెనక దూరి, మిగిలిన ఆ కాస్త గోడ మీద కూడా చెయ్యి పెట్టి చూస్తోంది.

"ఇక ఊరుకో తల్లీ," అంది ఆమె. "నువ్వు ఇక్కడ పుట్టలేదు. బస్టాండులో పుట్టావు. నేను కనలేదు నిన్ను."

ఆ మాట ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియలేదు. గిలక పరుపు వెనకనుంచి లేచి నిలబడి, అర్థంకానట్టు ఆమె వైపే చూసింది. జుట్టునిండా బూజు.

"చెప్పమ్మా," అంది ఆఫీసరమ్మ, కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంటూ.

ఆమె చెప్పింది. తను ఈ దేశంలో బస్సు దిగిన రోజు. ఆడవాళ్ళు కూర్చునే గదిలో ఓ మూల కడుపు పట్టుకుని మూలుగుతున్న ఒక అమ్మాయి. పట్టుమని ఇరవయ్యేళ్ళు కూడా ఉండవు. పక్కన ఎవరూ లేరు. పిలిచినా ఎవరూ రాలేదు. బిడ్డ ఆమె చేతుల్లోనే భూమ్మీద పడింది. టీకొట్టుకి వేణ్ణీళ్ళ కోసం పరిగెత్తి తిరిగొచ్చేసరికి బిడ్డ ఊరుకుంది. ఆ అమ్మాయి మొహం కడుక్కొస్తానని లేచి, గోడ పట్టుకుని నడుస్తూ బయటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

"ఎంతసేపు చూశావు?"

"చీకటి పడేదాకా చూశాను మేడం. తర్వాత భయమేసింది. పోలీసులకి చెబితే పిల్లని ఏదో హోంలో పడేస్తారని..." ఆమె పిల్ల వైపు చూసింది. "నేను వెళ్ళిపోయాక ఆ అమ్మాయి వచ్చి వెతుక్కుందేమో. ఇన్నేళ్ళూ అదే నన్ను తినేస్తోంది. తల్లి దగ్గర్నుంచి బిడ్డని ఎత్తుకొచ్చేశానేమోనని."

"నీకు అప్పగించలేదన్నమాట. నువ్వే పెంచుకోమని నోటితో అనలేదు."

"లేదు మేడం."

"అప్పగిస్తే ఒక లెక్క. కన్నవాళ్ళు చేతిలో పెట్టిన మనిషికి తల్లికున్న హక్కే ఉంటుంది. వదిలేసి పోతే ఇంకో లెక్క. పిల్ల హాస్టల్లో ఉంటుంది. నువ్వు వెళ్ళాలి." ఆఫీసరమ్మ కాసేపు దగ్గి, లేచింది. "పదండి. ముందు ఆ గోడ చూద్దాం."

జీపులో గిలక ఒక్క మాట మాట్లాడలేదు. ఇంతవరకు అలా ఎన్నడూ లేదు. తల్లికీ తనకీ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి, కిటికీకి అతుక్కుని కూర్చుంది. ఆమె చెయ్యి చాపింది. పిల్ల చూడనట్టే ఉండిపోయింది.

ఆడవాళ్ళ గది ఇప్పుడు పార్సిల్ ఆఫీసయింది. కింద నుంచి నడుం ఎత్తుదాకా కొత్త పలకలు వేశారు. మూలలో అట్టపెట్టెలు కప్పు అంటేలా పేర్చి ఉన్నాయి. ఆమె ఆ మూలనే చూపించింది. పార్సిల్ గుమాస్తా సణుక్కుంటూ, ఆఫీసరమ్మ మొహం చూసి నోరు మూసుకుని, పెట్టెలు జరిపించాడు. వాటి వెనక పలకలు వెయ్యలేదు. పెచ్చులూడిన పాత గోడ అలాగే ఉంది.

"చెయ్యి పెట్టమ్మా," అంది ఆఫీసరమ్మ.

గిలక రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "పెట్టను."

"అలా అనకూడదు."

"పెడితే అమ్మని పంపించేస్తారుగా. నాకు తెలుసు. నాకే దేశమూ వద్దు. ఎక్కడా పుట్టలేదని రాసెయ్యండి!"

గుమాస్తా చేతిలో టేపు చుట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆమె పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడింది. బూజు పట్టిన ఆ జుట్టుని వేళ్ళతో దులిపింది.

"నేను ఎక్కడున్నా నిన్ను వెతుక్కుంటూ వస్తాను. నువ్వెక్కడా లేకుండా పోతే ఎక్కడికని రాను చెప్పు? పెట్టు తల్లీ."

"నిజంగా వస్తావా?"

"నీ నోరు రెండు దేశాలకి వినబడుతుంది. దారి తప్పుతానా?"

గిలకకి నవ్వు రాలేదు. ఏడుస్తూనే ఒక చెయ్యి బయటికి తీసి, కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకి ఆనించింది.

అరక్షణం ఏమీ లేదు. తర్వాత చివాలున ఏడుపు లేచింది. పచ్చిగా, కోపంగా, గుక్క తిప్పుకోకుండా ఏడుపు. బయట టిక్కెట్ల కిటికీ దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ ఏడుపు మీదుగా ఆమె గొంతే, తొమ్మిదేళ్ళ కిందటిది, కంగారుగా వినిపించింది. "ఆడపిల్ల! ఆడపిల్లమ్మా, బాగుంది. ఇలా పట్టుకో, వేణ్ణీళ్ళు తెస్తా." గబగబా దూరమవుతున్న చెప్పుల చప్పుడు.

ఆఫీసరమ్మ పెన్ను తీసింది. "పుట్టింది ఇక్కడే. పిల్ల ఈ దేశపు మనిషి." ఆ మాట ఆఫీసరమ్మ సంతోషంగా అనలేదు.

"చెయ్యి తీసెయ్యమ్మా ఇక," అన్నాడు గుమాస్తా, చూడలేక.

గిలక తియ్యలేదు. గోడలో బిడ్డ ఇంకా ఏడుస్తూనే ఉంది. వేణ్ణీళ్ళ కోసం వెళ్ళిన తను అప్పుడు టీకొట్టు దగ్గర నిలబడి ఉంది కాబట్టి, ఆ తర్వాత ఆ గదిలో ఏం జరిగిందో ఆమె ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ఆ మూలనుంచి ఇంకో గొంతు వచ్చింది. చిన్న గొంతు, అలిసిపోయి, ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ.

"ఊరుకో... ఊరుకోవే. నేను నీకు ఏమీ కాలేను. ఆ అక్క వస్తోంది చూడు, నీళ్ళు ఒలికిపోతున్నా పరిగెత్తుకొస్తోంది పిచ్చిది. ఇక ఆవిడే నీకు అమ్మ. నీకు ఆవిడని ఇచ్చేసి వెళ్తున్నా. అడిగితే ఒప్పుకోదేమోనని అడగట్లేదు. ఊరుకో నా తల్లీ."

ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి, ఆగిపోయింది. దాంతో గోడ కూడా ఆగిపోయింది.

ఆమె నేలమీద కూర్చునే ఉంది, రెండు చేతుల్తో నోరు మూసుకుని. ఆ అమ్మాయి వెనక్కి రాలేదు. వచ్చి వెతుక్కోలేదు. పోయేటప్పుడే మనసులో తేల్చుకుని పోయింది. ఇన్నేళ్ళుగా గుండె మీద పెట్టుకుని తిరిగిన బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

ఆఫీసరమ్మ దగ్గుబిళ్ళ కోసం సంచి అంతా తడుముకుంది. దొరికినా నోట్లో వేసుకోలేదు. రాసిన దాని కింద ఇంకొక్క వాక్యం రాసి, చివర సంతకం గీసింది.

"కన్నతల్లి తన నోటితోనే అప్పగించింది. నేను విన్నాను, ఈయనా విన్నాడు." గుమాస్తా గబగబా తలూపాడు. "పిల్ల పెద్దయ్యేదాకా నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. లేవమ్మా. నేలంతా దుమ్ము."

వాళ్ళు ఇంటికి నడిచే వెళ్ళారు. కూరగాయల బళ్ళు దాటాక గిలక వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇంకాస్త దూరం పోయాక అడిగింది.

"ఆవిడ ఎలా ఉండేది?"

"గడ్డం దగ్గర నీలాగే సొట్ట. చెవులు చిన్నవి. భయపడిపోయి ఉంది పాపం."

"నేనిప్పుడు ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలా?"

"నీ ఇష్టం. నాకైతే రావట్లేదు."

లాండ్రీ గుమ్మంలో పిన్నిగారు పొద్దుటి నుంచి ఏమీ తిననట్టు మొహం వేలాడేసుకుని కూర్చుని ఉంది. వీళ్ళని చూడగానే లేచి నిలబడింది గానీ, అడగడానికి ధైర్యం చాల్లేదు. చూపులతోనే అడిగింది.

"బస్టాండులోనే పుట్టాను అమ్మమ్మా," అంది గిలక, మూట విప్పి దుప్పటి ఒకటి బయటికి లాగుతూ. "ఆవిడ వెళ్ళిపోతూ అప్పగించి వెళ్ళిందట. గోడలోంచి చెప్పింది, అందరం విన్నాం."

"అమ్మయ్య. నిన్ను మీ అమ్మకి అప్పగించిందా!"

"అబ్బా, సరిగ్గా విను." గిలక విసుక్కుంటూ దుప్పటి రెండు కొసలు తల్లి చేతిలో పెట్టి, మిగతా రెండూ తను పట్టుకుని వెనక్కి నడిచింది. "నన్ను అమ్మకి కాదు. అమ్మని నాకు అప్పగించింది."