దాచిన కాలు

ముగ్గు మరీ పెద్దదయిందేమో, తనిఖీకి వచ్చే సారు ఇదేదో పెళ్లివారి ఇల్లనుకొని ముందుకు పోతాడేమో, దవాఖాన గడపకు పసుపు రాసుడు ఏడనన్న ఉన్నదా అవ్వా అని దవాఖాన ఊడ్చే జంగమ్మ నవ్వనే నవ్వింది, నవ్వింది గానీ రాసింది కూడా ఆమే, తెల్లారకముందే బిందెలతో నీళ్లు మోసి మెట్లు కడిగి, తలుపుకు మామిడాకులు కట్టి, గోడ మీద పిల్లలు బొగ్గుతో గీసిన గీతలన్నీ సున్నంతో మాపేసింది, ఇప్పుడీ గల్లీలో అంత తెల్లగా, అంత నిమ్మళంగా ఉన్నది ఆ ఒక్క గదే, ఎదురుగా తన ఇంటి అరుగు మీద కూర్చొని కిష్టవ్వ దాన్నే చూస్తోంది, చూస్తుంటే ఒకపక్క సంతోషం, ఒకపక్క ఏదో వెలితి, ఎందుకంటే రోజూ ఈ వేళకు ఆ మెట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు, ఎర్రమందు కోసం ఎవరి సీసా వాళ్లు పట్టుకొని కూర్చుంటారు, చంటిపిల్లలు ఏడుస్తుంటారు, పక్కింటి పోశవ్వ దగ్గుతుంటుంది, లోపలి నుంచి నర్సమ్మ అహల్య, జర ఊకోండ్రమ్మా, ఒకరెనక ఒకరు రాండ్రి అని అరుస్తుంటుంది, ఇవాళ ఆ అరుపు లేదు, నాంపల్లి స్టేషన్లో రైలు కూత ఇంత దగ్గరగా ఎన్నడూ వినపడలేదు, ఆ కూతతోనే కిష్టవ్వ కూతురు కొండమ్మ బొంబాయి పోయింది, మొగనికి మిల్లులో పని దొరికిందని మూట కట్టుకొని పోయింది, ఇప్పుడదెందుకు, ఇప్పుడు సారు వస్తాడు, కాలు సలుపుతోంది, మడమ మీది పుండుకు నిన్న కట్టిన కట్టే ఇంకా ఉంది, చెమ్మగిల్లి గుడ్డ అంటుకున్నట్టుంది, పొద్దున్నే అహల్య దగ్గరికి పోయి మార్పించుకోవలసింది, కానీ ఇవాళ ఎవరూ పోవద్దని అందరికీ చెప్పి తానెట్లా పోతుంది.

చెప్పిందీ తానే, అంతకుముందు చదివిందీ తానే, కిష్టవ్వ బడి ముఖం చూసిన మనిషి కాదు, ఆబిడ్స్ దుకాణాల బోర్డుల కింద నిలబడి ఒక్కో అక్షరం ఏరుకున్నది, కిరాణా పొట్లాలు విప్పి చింతపండు మరకల కింద ఏం రాసి ఉందో కూడబలుక్కున్నది, అట్లా చదువు వచ్చింది గనుక గల్లీ ఆడవాళ్లకు పేపరు చదివి వినిపించే పెద్దరికమూ వచ్చింది, మొన్న ఆ పేపర్లోనే ఉంది, దవాఖానలకు పెట్టేటంత పైకం సర్కారు దగ్గర లేదట, చిన్న చిన్న గల్లీ దవాఖానలన్నీ అధికారులు తిరిగి చూస్తారట, అవసరాన్ని బట్టి కొన్ని ఉంచి తక్కినవి ఎత్తేస్తారట, దవాఖాన ఎత్తేస్తే అహల్య పోతుంది, అహల్య పోతే, ఆ ఆలోచన అక్కడే తుంచేసి, ఏం జేద్దామే మరి అని అడిగింది, జంగమ్మ మూతి తిప్పి, ఏం జేస్తం అవ్వా, ఎల్లుండే పరీక్షకొస్తున్నరట, మనం పాసు గావాలె, గంతే అన్నది, పోశవ్వ, నేను ముందుగల్ల మెట్ల మీద కూసుంట పెద్దమ్మా, నన్ను జూస్తే సారుకు దయ పుడ్తది అన్నది, ఆ పిచ్చిది అప్పుడే సరైన మాట అన్నది, తాను దాని మీదికి లేచింది, నీకేమన్న మతి ఉన్నదా పిల్లా, గిన్ని దినాల సంది సూదులేయించుకుంట నువ్వింక ఖళ్ళుఖళ్ళున దగ్గుతుంటే నర్సమ్మకు పని రాదనుకోడా సారు, మందు మంచిదైతే మనుషులు మంచిగుండాలె గదా, గల్లీల ఒక్క రోగం గూడ కనబడొద్దు, సారు వచ్చినంక పొయ్యేదాక ఎవ్వరు ఆ మెట్లెక్కొద్దు, అని గట్టిగా చెప్పింది, ఔ, గదే మంచిది అన్నారు అందరూ, ఎంత తేలిగ్గా అన్నారు, పేపరు చదివే కిష్టవ్వ చెప్పాక ఇంక తప్పెట్లా అవుతుంది, పోశవ్వ ఒక్కతే, మరి దగ్గొస్తే ఏం జెయ్యాలె పెద్దమ్మా అని అడిగింది, నోట్ల కొంగు కుక్కుకో అన్నది జంగమ్మ, కొంగు సాలకుంటే మీ ఆయన రుమాలు గూడ కుక్కుకో, ఆయనకు నెత్తిమీద ఎట్లాగో ఎంట్రుకలు లెవ్వు, అందరూ నవ్వారు, పోశవ్వ కూడా నవ్వబోయి దగ్గింది, ఇక ఆ గుడ్డల సంగతి, అది కూడా తన తెలివే, దూది లేదు, కట్టు గుడ్డ లేదు అని అహల్య పైవాళ్లకు ఎన్నాళ్ల నుంచో రాస్తోంది, అక్కడి నుంచి ఏదీ రాదు, అందుకని గల్లీ ఆడవాళ్లే పాత ధోవతులు చింపి, ఉడకబెట్టి, ఎండేసి, చుట్టలు చుట్టి ఇస్తున్నారు, నిన్న మాత్రం కిష్టవ్వ కుంటుకుంటూ ఇల్లిల్లూ తిరిగి ఇంకా ఇంకా అడిగింది, చనిపోయిన మొగడు బిచ్చయ్య ధోవతి, ఇన్నేళ్లూ పెట్టె అడుగున దాచుకున్నది, అది కూడా తీసి చింపింది, చింపేటప్పుడు ఆ చప్పుడుకు కళ్లు మూసుకున్నది, అహల్య ఇంటికి పోయాక జంగమ్మ దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి అల్మారా నిండా తెల్లటి చుట్టలు పేర్చి వచ్చారు, పొద్దున వచ్చి చూసి నర్సమ్మ మురిసిపోవాలని.

అయినా భయం ఒక్క నర్సమ్మ పేరు కోసమేనా, సర్కారు మనిషి వస్తున్నాడంటే జబ్బు మనిషిని లోపల దాచాలని కిష్టవ్వకు ఒకరు చెప్పాలా, ప్లేగు వచ్చిన ఏడు తనకింకా పెళ్లయిన కొత్త, చిన్న చెల్లెలు వచ్చి తన దగ్గరే ఉంది, దూలాల మీంచి ఎలుకలు రాలి పడుతున్నాయి, సర్కారు మనుషులు ఇల్లిల్లూ వెతుక్కుంటూ వచ్చారు, తలుపు తీసింది తానే, మూలకు ముడుచుకొని పడుకున్న చెల్లెలు, వాళ్లింకా ఏమీ అడగకముందే, గీడ నొస్తుందే అక్కా అని చెయ్యి ఎత్తి చంక కింది గడ్డ చూపించింది, అంతే, బండి ఎక్కించి ఊరి బయట వేసిన గుడిసెల్లోకి తీసుకుపోయారు, తడికల అవతలికి ఎవర్నీ రానియ్యలేదు, చెల్లెలు మళ్లీ ఇంటికి రాలేదు, చూపించకపోతే తీసుకుపోయేవాళ్లు కాదు కదా, దుప్పటి నిండా కప్పి గింజల గాదె వెనక పడుకోబెడితే అయిపోయేది కదా, అని ఆ ఏడంతా ఏడ్చింది, అప్పుడు మనసులో దిగింది ఈ భయం, తర్వాత ఎన్ని మారాయి, నిజాం కొలువు పోయింది, రజాకార్ల బెదురు పోయింది, వేలికి సిరా పెట్టించుకొని తాను ఓటు కూడా వేసి వచ్చింది, సర్కారంటే మనమేనని పేపర్లో చదివి నలుగురికీ చెప్పింది, అయినా సర్కారు కారు వస్తోందంటే ఇప్పుడు కూడా చెయ్యి తనంత తానే పోయి చీర కుచ్చెళ్లతో కాలును కప్పుతోంది.

వచ్చింది కారు, ఆబిడ్స్ వైపు నుంచి వచ్చి గల్లీ మొదట్లో ఆగింది, దిగినవాడు భయపెట్టే మనిషి కాడు, సన్నగా, కళ్లజోడు పెట్టుకొని, మెడ మీది చెమట తుడుచుకుంటూ, ముగ్గు తొక్కకూడదని పక్కకు అడుగు వేసి మరీ లోపలికి పోయాడు, చూసినవా అవ్వా, మర్యాద తెల్సినోడే అని తలుపు సందులోంచి జంగమ్మ గుసగుస, దవాఖాన కిటికీ తెరిచే ఉంది, గల్లీలో అంత నిశ్శబ్దం గనుక మాటలన్నీ అరుగు దాకా వస్తున్నాయి, రోజు శానమంది వస్తరు సార్, నిలబడ జాగ ఉండది, ఇయ్యాలనే ఎందుకో, అని అహల్య అంటోంది, ఏరమ్మా మరి, ఒక్క మనిషీ లేడే, అని ఆయన, తర్వాత అల్మారా రెక్క కిర్రుమన్న చప్పుడు, కట్టుగుడ్డ లేదని పైకి రాస్తూనే ఉన్నారు, ఇక్కడ చూస్తే చోటు చాలనంత ఉంది కదమ్మా, అన్నాడు, ఆ మాటలో కోపం కూడా లేదు, రాత్రికి రాత్రి అల్మారా అంతగా ఎట్లా నిండిందో అహల్యకూ తెలియదు కదా, ఎక్కడో ఏదో తప్పుతోంది, మంచిగా కుట్టిన రవిక తిరగేసి తొడిగినట్టు అన్నీ ఉన్నాయి గానీ ఏదీ సరిగా లేదు, అప్పుడే పక్కింట్లోంచి ఒక చప్పుడు, దగ్గు కాదు, దగ్గును నోట్లోనే నొక్కేసిన చప్పుడు, ఆయన విన్నాడో లేదో, మెట్లు దిగి నేరుగా అరుగు దగ్గరికే వచ్చాడు, నమస్కారం పెట్టాడు, అమ్మా, పెద్దవారు, మీరు చెప్పండి, ఈ దవాఖానతో మీకు పని పడుతుందా, మీ గల్లీలో జబ్బుతో ఉన్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా, అని అడిగాడు, ఆయన వెనక మెట్ల మీద అహల్య, ఆమె చూపు తిన్నగా కిష్టవ్వ చీర అంచు మీదే ఉంది, ఆ కింద ఏముందో రోజూ ఒళ్లో పెట్టుకొని కడిగే మనిషి ఆమె, చెప్పు అవ్వా అన్నట్టు గడ్డం కాస్త ఎత్తింది, కిష్టవ్వ కాలును ఇంకా లోపలికి లాక్కుంది, పుండు రాయికి ఒరుసుకుని ప్రాణం జిల్లుమంటే పళ్లు బిగబట్టి నవ్వింది, ఎవ్వరు లేరు సారూ, నర్సమ్మ పుణ్యాన అందరం మంచిగున్నం, అన్నది.

ఆయన నిజంగా సంతోషపడ్డాడు, అదే కదా ముల్లులా గుచ్చుకుంది, చాలా మంచి మాట చెప్పారమ్మా, కాచిగూడ అవతల గుడిసెల్లో పిల్లలు విరేచనాలతో పోతున్నారు, అక్కడ చూసే నర్సు లేదు, ఉన్న పైకంలోనే అక్కడికీ ఇక్కడికీ సర్దాలి, మీ గల్లీ బాగుపడింది గనుక ఇక ఈమెను అక్కడికి పంపిస్తాం, మీకెప్పుడన్నా అవసరమైతే పెద్ద దవాఖాన ఉండనే ఉంది, అని చెప్పి మళ్లీ నమస్కారం పెట్టి పోయాడు, లేచి ఆయన వెనక పోదామనుకుంది, సారూ జర ఆగు, గిటు జూడు, అని చీర ఎత్తి చూపిద్దామనుకుంది, పుండు కాలు నేల మీద ఆనేలోపే కారు కదిలింది, కారు పోయిన చప్పుడు కూడా అణిగాక పోశవ్వ తలుపు భళ్లున తెరుచుకొని ఇంతసేపూ పట్టి ఉంచిన దగ్గంతా ఒక్కసారిగా వీధిలో పడింది, గోడ పట్టుకొని వంగిపోయి దగ్గుతోంది, ఏ ఇంట్లోంచో పసిపిల్ల ఏడుపు, జంగమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, పాసైనమా అవ్వా, అని అడిగింది, ఆ మొహంలో ఎంత ఆశ, పేపర్లో అవసరాన్ని బట్టి ఉంచుతారని అంత స్పష్టంగా ఉన్నా, చదవడం వచ్చిన తానే ఆ మాటను దాటి పోయింది, పదిమందిని దాటించింది.

అహల్య వచ్చి పక్కన కూర్చుంది, చీర తొలగించి కాలును ఒళ్లోకి తీసుకుంది, అంటుకున్న గుడ్డను నీళ్లతో నానబెడుతూ, గీ కాలొక్కటి సారుకు జూపెడితే అయిపోతుండె గదా అవ్వా, అన్నది, నీ పేరు ఖరాబైతదనుకున్న బిడ్డా, అన్నది కిష్టవ్వ, నా పేరుదేముందే అవ్వా, అని అహల్య చిన్నగా నవ్వింది, ఆ పిల్లకు కోపం వస్తే బాగుండు, తిడితే బాగుండు, తల వంచి పని చేసుకుంటోంది, పాపిట పక్కన ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు, అక్కడి పిల్లల్ని ఎవరో ఒకరు జూడాలె గదా, నేను పోవాల్సిందే, అంటోంది, మళ్లీ తల ఎత్తి, మరి నేను పోతే నువ్వెట్ల జేస్తవు అవ్వా, పెద్ద దవాఖాన దాకా గీ కాలుతోని నడుస్తవా, అని అడిగింది, నాకేందే బిడ్డా, అనే మాట అప్పటికే కిష్టవ్వ నాలుక మీదికి వచ్చేసింది, మంచిగనే ఉంట, నువ్వు నా ఫికర్ జెయ్యకు, పొయ్యిరా, అనే మిగతా మాటలు దాని వెనక వరుసగా నిలబడి ఉన్నాయి, ఎంత అలవాటైన మాటలు, ఇవి ఎన్నిసార్లు అన్నది, రైలు కిటికీలోంచి కొండమ్మ, నువ్వొక్కదానివి ఎట్లుంటవే అమ్మా, అని అడిగితే అన్నది, అని నవ్వు మొహం పెట్టింది, కొండమ్మ ఇంకా చూస్తూనే ఉంది, ఇంకేదో వినాలన్నట్టు, రైలు కదిలినా కిటికీ కమ్మీ వదల్లేదు, కరాచీకి పోయేముందు గోడ అవతలి బేగం కూడా అడిగింది, సామాన్లన్నీ కట్టి, తాళం చేతిలో పట్టుకొని, చెప్పు బహెన్, మేం పోవాలా, ఉండాలా, అని ఇదే అరుగు మీద కూర్చొని అడిగింది, మీ ఇష్టమమ్మా, మా గురించి ఫికర్ వద్దు అన్నది తాను, మర్యాదగా, బేగం కాసేపు కూర్చొని లేచి పోయింది, చెల్లెల్ని బండి తీసుకుపోయింది, అది వేరు, అక్కడ తనను ఎవరూ అడగలేదు, కానీ ఆ తర్వాత, ఆ తర్వాత ఒక్కరు కూడా అడగకుండా పోలేదు, అహల్య వేళ్లు మడమ మీద ఆగి ఉన్నాయి, జవాబు కోసం మొహంలోకి చూస్తోంది, ఆ చూపు ముందు కిష్టవ్వ నోటికొచ్చిన మాటను మింగేసింది, అందరూ తనను విడిచిపోయారని ఇన్నేళ్లూ ఏడ్చింది గానీ, పోయేముందు ప్రతి ఒక్కరూ ఉండమంటావా అనే అడిగారు, ఉండమని తానే ఎవ్వరికీ చెప్పలేదు.